నిప్పునీ నీటినీ తొక్కే ఊరు

గాజువాకను అక్టోబరు వానలో చూడాలి. విశాఖలో ఏడాది మొత్తం మీద ఎక్కువ వాన పడే నెల అదే. నైరుతి వెళ్తూ వెళ్తూ కొంత కురుస్తుంది, బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే మిగతాది కురుస్తుంది. పాత గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా జాతీయ రహదారి పక్కన కాలువలు నిండి రోడ్డు మీదికి వస్తాయి. షిఫ్టు మారే వేళ బస్సులు, బైకులు, షేర్ ఆటోలు ఆ నీళ్లలోనే వరస కడతాయి. అప్పుడు దిగేవాళ్ల ముఖాలు కాకుండా కాళ్లు చూస్తే ఎవరు ఎక్కడ పనిచేస్తారో చాలావరకు తెలిసిపోతుంది.

నల్లటి తోలు బూటు, ముందు భాగం ఉబ్బెత్తుగా ఉంటే లోపల ఉక్కు టోపీ ఉందన్నమాట. ఆ కాలు స్టీల్ ప్లాంటుదో, రిఫైనరీదో, షిప్‌యార్డుదో. మోకాళ్ల కిందిదాకా నల్ల గంబూటు ఉంటే కాలువ పూడిక తీసే మనిషి. రబ్బరు చెప్పుతో ఉన్న కాలు ఆటోనగర్ షెడ్డులోకి వెళ్తుంది. పాదానికి పాలిథిన్ కవరు చుట్టి, మడమ పైన సుతిలి తాడుతో బిగించుకున్న కాలు స్లాబు పోసే కూలీది. ఏమీ లేని కాళ్లు కూడా ఉన్నాయి.

ఆ పాలిథిన్ కవరు గురించే ఈ కథనం. ఉన్న చెప్పు మీద, ఉన్న బూటు మీద తడి చొరబడని తొడుగు ఒకటి కావాలని పనిచేసే మనిషికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. దొరికినదానితో తనే చేసుకున్నాడు. అది అరగంటలో చిరిగిపోతుంది. చిరగనిది, కాలు ఉడకనిది, జారనిది చేసి అతని చేతికి ఇవ్వడం సాధ్యమేనని, దానికి కావలసినవన్నీ గాజువాక చుట్టూ పది కిలోమీటర్లలోనే ఉన్నాయని నా నమ్మకం.

ఈ ఊరు పనిమీద కట్టిన ఊరు. 1941లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి పునాది పడింది. 1957లో కాల్టెక్స్ చమురుశుద్ధి కర్మాగారం వచ్చింది, ఇవాళ అది హెచ్‌పీసీఎల్. 1966లో పుట్టిన భారీ పాత్రల తయారీ సంస్థ బీహెచ్‌పీవీ 2013లో బీహెచ్‌ఈఎల్‌లో కలిసింది. శ్రీహరిపురం వైపు కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967 నుంచి నడుస్తోంది. ఇవన్నీ ఒక ఎత్తు, ఉక్కు కర్మాగారం ఒక ఎత్తు. 1966లో దానికోసం అమృతరావు నిరాహారదీక్ష, తెన్నేటి విశ్వనాథం నాయకత్వం, ఉద్యమంలో పోయిన 32 మంది ప్రాణాలు, ఆ తర్వాత 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన రాయి, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసిన ప్లాంటు. ఈ వరస తెలుగువాళ్లకు కొత్త కాదు. దానికోసం 64 గ్రామాలవాళ్లు ఊళ్లు వదిలారు. పునరావాసపు ఆర్ కార్డు చేతపట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన నిర్వాసితుల కుటుంబాలు పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి కాలనీల్లో ఇప్పటికీ ఉన్నాయి. పొలంలో ఒట్టి కాళ్లతో బురద తొక్కిన తరం పిల్లలు ఉక్కు టోపీ బూటు తొడిగారు. 2005లో గాజువాక పురపాలక సంఘం విశాఖ మహానగరంలో కలిసిపోయింది. మహానగరమని పేరు మారినా కూడలిలో కనిపించేది అప్పటి కార్ఖానా ఊరే.

సేఫ్టీ షూ అంటే మన దేశంలో భారత ప్రమాణం 15298 చెప్పినట్టు ఉండాలి. వేళ్ల మీది టోపీ 200 జౌళ్ల దెబ్బను తట్టుకోవాలి. అంటే ఇరవై కేజీల ఇనుప దిమ్మ మీటరు ఎత్తు నుంచి పడినా వేళ్లు నలగకూడదు. రకాన్ని బట్టి అడుగు జారకూడదు, స్థిరవిద్యుత్తు పేరుకోకూడదు. ఇవన్నీ మంచి నియమాలు, వేలమంది కాళ్లను కాపాడినవి. కానీ ఆ బూటు ముఖ్యంగా దెబ్బను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. తడి ఆ తర్వాతి మాట. తడిని ఆపే తోలుకు వేరే గుర్తు, వేరే ధర. మామూలు తోలు బూటు ఒకసారి తడిస్తే విశాఖ గాలిలోని తేమకు రాత్రి గడిచినా ఆరదు. మర్నాడు తడి బూటే తొడగాలి. వారం తిరిగేసరికి కాలివేళ్ల సందులు ఒరిసిపోతాయి, మంట పుడుతుంది, చర్మం తెల్లగా ఉబ్బి ఊడివస్తుంది. షుగరు ఉన్న కార్మికుడైతే అక్కడి నుంచి కథ ఎంతదూరమైనా పోవచ్చు.

కర్మాగారంలో నీళ్లు ఎక్కడివని బయటివాళ్లు అడుగుతారు. ఉక్కు అనగానే మనకు నిప్పే గుర్తొస్తుంది. నిజానికి ఉక్కు తయారీలో నీళ్లకున్న పాత్ర నిప్పుకున్న పాత్రకు ఏమీ తీసిపోదు. ఏలేరు నుంచి కాలువలో వచ్చిన నీరు కణితి జలాశయంలో చేరేది ప్లాంటు కోసమే. బ్లాస్ట్ ఫర్నేసు నుంచి కరిగి వచ్చే స్లాగును నీటిధారలతో కొట్టి ఇసుకలా గుల్ల చేస్తారు, సిమెంటు కంపెనీలు కొనుక్కునేది దాన్నే. అచ్చుల్లోంచి దిగే ఎర్రటి ఉక్కు దిమ్మల మీద నీరు చిమ్ముతూనే ఉంటారు. రోలింగ్ మిల్లుల్లో రోళ్లను చల్లార్చే నీరు, ఇనుప పొలుసును కడిగే నీరు కలిసి నేలకింది కాలువల్లోకి పోతాయి. ఆ కాలువల్లో, పొలుసు చేరే స్కేల్ పిట్లలో దిగి శుభ్రం చేసేది ఎక్కువగా కాంట్రాక్టు కార్మికులే. నీటిలో నూనె, నూనెలో ఇనుప రజను, దాని మీద నడక.

విశాఖ ఉక్కుకు ఒక ప్రత్యేకత ఉంది. కాలిన కోక్‌ను నీళ్లు పోసి చల్లార్చడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. ఇక్కడ మొదటి నుంచే నత్రజని వాయువుతో పొడిగా చల్లార్చే ఏర్పాటు పెట్టారు. ఏడు మీటర్ల ఎత్తు కోక్ ఓవెన్లు, వాటికి ఈ పొడి చల్లార్పు, రెండూ దేశంలో ఇక్కడే మొదలయ్యాయి. అంటే ఒక పెద్ద తడి ఘట్టాన్ని కర్మాగారం రూపకల్పనలోనే తీసేశారు. కార్మికుడికి ఏదో ఒకటి తొడిగించేముందు ప్రమాదాన్నే తీసెయ్యగలమా అని అడగాలన్నది భద్రతాశాస్త్రంలో మొదటి పాఠం. ఆ పాఠం ఇక్కడ ఉక్కులో కట్టి ఉంది. స్కేల్ పిట్ల దగ్గర కూడా అదే ప్రశ్న వేయాలి. యంత్రం తీయగల బురదను మనిషి చేత తీయించకూడదు. యంత్రం వెళ్లలేని చోటే బూటు మాట రావాలి.

కోక్ ఓవెన్ల పైకప్పు ఇంకో లోకం. కాళ్ల కిందే వెయ్యి డిగ్రీల పొయ్యి. ప్రపంచంలో చాలాచోట్ల అక్కడ పనిచేసేవాళ్లు బూటు కింద పాంకోళ్లలాంటి చెక్క అడుగులు కట్టుకునేవారు. చెక్క వేడిని అంత సులువుగా పైకి రానివ్వదు. బూటుకు అదనంగా తొడిగే రక్షణలో అదొక పాత రకం. రబ్బరు మాట అక్కడ ఎత్తకూడదు. కరిగిన లోహం ఉన్న చోట రబ్బరు తొడుగు, పీవీసీ గంబూటు రెండూ శత్రువులే. పీవీసీ వేడికి మెత్తబడి కాలికి అంటుకుంటుంది. వదులుగా తెరుచుకున్న పైఅంచులోకి నిప్పురవ్వ జారితే బయటకు రాదు. ఫౌండ్రీ బూటుకు లేసులు లేకుండా, ఒక్క లాగుతో ఊడేలా చేసేది అందుకే. కాబట్టి గాజువాకకు కావలసిన తొడుగు ఒకటే అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఫర్నేసు దగ్గర పనికొచ్చేది కాలువలో పనికిరాదు, కాలువలోది యాసిడ్ దగ్గర పనికిరాదు.

యాసిడ్ అంటే ఎరువుల కర్మాగారాలు. గంధకం నుంచి గంధకామ్లం, రాక్ ఫాస్ఫేటు నుంచి ఫాస్ఫారిక్ ఆమ్లం. తోలును అవి తినేస్తాయి. రేవులో బొగ్గు గుట్టల మీద దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతారు. ఆ నీరు నల్లటి రొంపై యార్డంతా పరుచుకుంటుంది. 1933లో రేవు తెరిచినప్పటి నుంచి అక్కడి పని రూపం ఎంతో మారింది, తట్టలు పోయి కన్వేయరు బెల్టులొచ్చాయి. రొంపి మాత్రం ఉంది. ఇక ఇళ్ల నిర్మాణం. పచ్చి కాంక్రీటు చూడటానికి బురదలానే ఉంటుంది కానీ అది గాఢమైన క్షారం. చెప్పుల మీదుగా పాదం మీద పడి గంటలకొద్దీ ఉంటే చర్మం కాలిపోతుంది. మొదట నొప్పి తెలియదు, అదే దాని దుర్మార్గం. సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు గానీ సిమెంటు తినేసిందని తెలియదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి, ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రీలు, కూలీలు గాజువాకలో లేచే ప్రతి అపార్టుమెంటు కింద ఈ కాలుతోనే నిలబడ్డారు.

మురుగు కాలువల దగ్గర చట్టం కొంత స్పష్టంగా ఉంది. మనిషి చేత పాకీ పని చేయించడాన్ని నిషేధించిన 2013 చట్టం కింది నిబంధనల్లో, తప్పనిసరైతే దిగే మనిషికి ఇవ్వవలసిన రక్షణ పరికరాల జాబితా ఉంది. ఛాతీ దాకా వచ్చే, బూటు అతికిన వేడర్ సూట్లు కూడా అందులో ఉన్నాయి. ఎలుకల మూత్రం కలిసిన నీటిలోంచి లెప్టోస్పైరోసిస్ పాకేది ఎక్కువగా కాలి పగుళ్లలోంచే. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖను అతలాకుతలం చేసిన తర్వాత చెట్లు, చెత్త, మురుగు ఎత్తిపోసిన పారిశుద్ధ్య కార్మికుల కాళ్లు గుర్తుకొస్తే ఆ నిబంధన ఎంత విలువైనదో అర్థమవుతుంది.

గంబూట్లు ఇచ్చినా వేసుకోరని పై అధికారులు అంటూ ఉంటారు. ఆ మాట నిజమే, కారణం చెప్పకపోవడమే తప్పు. మే నెల ఎండలో గాలి చొరని రబ్బరులో కాలు గంటలో చెమటతో నానిపోతుంది. బయటి నీళ్లు ఆపిన బూటు లోపలి నీటిని తయారు చేస్తుంది. అరికాలిలో చెమట గ్రంథులు దట్టంగా ఉంటాయి మరి. కాళ్లు ఉడికిపోతున్నాయని కార్మికులు అనేది అక్షరాలా నిజం. పైగా బరువు. పాదానికి కట్టిన కేజీ బరువు వీపు మీద సుమారు ఐదు కేజీలు మోసినంత శ్రమ అని సైనికుల నడక మీద జరిగిన అధ్యయనాలు ఎప్పుడో తేల్చాయి. కేజీకి పైగా తూగే గంబూట్ల జతతో ఎనిమిది గంటలు బండి తోసే మనిషి వీపు మీద అదనంగా ఏం మోస్తున్నట్టో లెక్క వేసుకోవచ్చు. చీర కట్టుకుని వీధులూడ్చే ఆడవాళ్లకు మగవాళ్ల సైజు బూటు ఇస్తే అది కాలిలో తిరుగుతుంది, పిక్కలకు ఒరుసుకుంటుంది. వాళ్లు దాన్ని ఇంట్లో పెట్టి వస్తారు. నేనైనా అదే చేస్తాను.

బూటు మీద తొడిగే రబ్బరు తొడుగు చరిత్ర మొదలైందే వేడి చేతిలో ఓటమితో. బ్రెజిల్ అడవుల్లోని జనం రబ్బరు పాలను పాదరక్షలుగా మలచడం ఎరుగుదురు. 1820ల్లో అక్కడి నుంచి రబ్బరు బూట్లు అమెరికా ఈశాన్య తీరానికి ఓడల్లో వచ్చాయి. జనం ఎగబడి కొన్నారు, కంపెనీలు పుట్టాయి. ఎండాకాలం వచ్చేసరికి అవి జిగురులా కరిగి కంపు కొట్టాయి, చలికాలంలో పెంకులా బిగిశాయి. రాక్స్‌బరీలోని ఇండియా రబ్బర్ కంపెనీకి తిరిగొచ్చిన సరుకును గుంతలు తీసి పూడ్చిపెట్టాల్సి వచ్చింది. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరుకు గంధకం కలిపి వేడిచేసి ఆ జబ్బు కుదిర్చాడు, 1844లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాత తొడుగులు చలిదేశాల వస్తువులయ్యాయి. వెర్మాంట్‌లో న్యూ ఇంగ్లండ్ ఓవర్‌షూ అనే కంపెనీ నైలాన్ గుడ్డతో, పట్టీలతో బిగించి మడిచి పెట్టుకోగల తొడుగులు చేసింది. మంచులో నడిచే ఉద్యోగి ఆఫీసు బూటు మీదే దాన్ని వేసుకుని, లోపలికి వచ్చి విప్పేస్తాడు. కరెంటు లైన్ల మీద పనిచేసేవాళ్లు బూటు మీద వేసుకునే విద్యుత్ నిరోధక తొడుగులు, కర్మాగారం చూడ్డానికి వచ్చిన అతిథికి ఇచ్చే ఉక్కు టోపీ తొడుగులు కూడా ఇదే కుటుంబం. ఈ రకాలన్నిటిలో ఉక్కపోతను, వానను ఒకేసారి లెక్కలోకి తీసుకున్నది నాకు కనిపించలేదు.

మన తొడుగు ఎలా ఉండాలి? మొదటి షరతు, అది రోజంతా తొడగడానికి కాకూడదు. నీళ్లలోకి దిగే ముందు పది సెకన్లలో ఎక్కాలి, పైకి వచ్చాక ఊడాలి, కిందనున్న సేఫ్టీ షూ పొడిగా మిగలాలి. గంబూటు మీద దీనికున్న గెలుపు అదే. కాలు రోజంతా రబ్బరులో ఉండదు, ఉక్కు టోపీ రక్షణ కూడా పోదు. రెండోది, పదార్థం పనిని బట్టి మారాలి. సహజ రబ్బరు బాగా సాగుతుంది, తొడగడం సులువు, కానీ నూనె తగిలితే ఉబ్బి చెడుతుంది. మిల్లులకు, ఆటోనగర్‌కు నైట్రైల్ కలిసినది కావాలి. ఆమ్లానికి నియోప్రీన్ మంచిది. కాంక్రీటు కూలీకి చవకగా దొరికే పీవీసీ చాలు, పైన బురద లోపలికి పోకుండా గట్టి పట్టీ ఉంటే. మూడోది అడుగు. ఇక్కడే చాలా తొడుగులు ఓడిపోతాయి. బూటుకు ఉన్న గాళ్లు తొడుగు కింద దాగిపోతాయి కాబట్టి తొడుగుకే లోతైన, నీరు పక్కలకు పారే గాళ్లు ఉండాలి. లేకపోతే తడి ఆగుతుంది, మనిషి జారి పడతాడు. నిచ్చెన మెట్టు పాదానికి తెలియనంత మందంగా ఉంటే అదింకో ప్రమాదం. రిఫైనరీలో అయితే స్థిరవిద్యుత్తును నేలకు పోనిచ్చే బూటుకు రబ్బరు తొడుగు అడ్డుగోడ అవుతుంది, అక్కడ తొడుగు కూడా ఆ గుణంతోనే చేయాలి. తొడుగు చేసే మనిషి ముందుగా కాగితం మీద కాకుండా స్కేల్ పిట్టు అంచున నిలబడి గీతలు గీయాలి.

కొలత సంగతి వేరే చెప్పాలి. మన దేశంలో ఇన్నాళ్లూ అమ్మిన బూట్లు బ్రిటిష్ కొలతలవి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకు 79 చోట్ల 1,01,880 మంది పాదాలను కొలిచింది. మన పాదాలు యూరప్ వాళ్ల పాదాల కన్నా వెడల్పని తేలింది. ఇరుకు బూటు వద్దని పెద్ద సైజు కొనుక్కోవడం, అది పొడుగై జారడం మనకు అలవాటైన బాధ, ఇప్పుడు దానికి లెక్క దొరికింది. ఆ సంస్థ ‘భా’ పేరుతో ఎనిమిది సైజుల కొత్త పద్ధతిని ప్రతిపాదించింది. వెడల్పు పాదం, దానిమీద ఉక్కు టోపీ బూటు, దానిమీద తొడుగు. మూడు పొరలు కలిసి వచ్చే కొలతను ఎవరో ఒకరు తీయాలి. ఆడవాళ్ల పాదాలను తప్పకుండా కలిపి తీయాలి. వీధులూడ్చేవాళ్లలో, రొయ్యల ఫ్యాక్టరీల్లో తొక్క తీసేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. ఎగుమతి నియమాల ప్రకారం ఆ ఫ్యాక్టరీల గుమ్మంలో క్లోరిన్ నీటి తొట్టి ఉంటుంది, తెల్ల గంబూటుతో అందులో అడుగు వేసి లోపలికి వెళ్లాలి. ఐసు నీళ్ల నేల మీద షిఫ్టంతా నిలబడాలి. రొయ్యకు క్రిములు సోకకుండా పెట్టిన నియమం అంత పక్కాగా అమలవుతుంటే, ఆ బూటులో ఉన్న పాదం చల్లబడకుండా చూసే నియమం కూడా అంతే పక్కాగా ఉండాలని కోరడంలో అత్యాశ లేదు.

ఇక్కడే చేయొచ్చని ముందు అన్నాను. ఆటోనగర్‌లో డైలు చెక్కే చేతులున్నాయి. స్టీల్ ప్లాంటుకు, బీహెచ్‌పీవీకి విడిభాగాలు చేసి చేసి రాటుదేలిన లేతు పనివాళ్లు వాళ్లు. రబ్బరు తొడుగుకు అచ్చు చెక్కడం వాళ్లకు పెద్ద పనేం కాదు. పెదగంట్యాడ వైపు 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ ఉంది. 2016లో మొదలై, 2020లో కరోనా వచ్చినప్పుడు వెంటిలేటర్లు, పరీక్షా కిట్లు, మాస్కులు చేసి దేశాన్ని ఆదుకున్న చోటు. అచ్చు పోసే యంత్రాలు, 3డీ ముద్రణ, పదార్థాలను పరీక్షించే ల్యాబులు అక్కడున్నాయి. వైద్యుడికి రక్షణ తొడుగు ఎలా చేయాలో వాళ్లకు తెలుసు. ప్రహరీ అవతల ఉన్న ఉక్కు కార్మికుడి పాదానికి ఆ విద్య ఎందుకు పనికిరాదు? ఇంజనీరింగ్ కాలేజీల విద్యార్థులకు ప్రాజెక్టు విషయాలు కావాలి. వాళ్లను ఒక వానాకాలం స్కేల్ పిట్టుకు, ఒక వేసవి కాంక్రీటు స్లాబుకు తీసుకెళ్తే విషయం దొరుకుతుంది.

రబ్బరు, కొలత, అచ్చు, ఇవి తెలివితో తీరే చిక్కులు. తీరనిది డబ్బెవరిదన్న చిక్కు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాణ్ని కూడా కార్మికుడిగానే లెక్కపెట్టింది. భద్రతా ఏర్పాట్లకు కార్మికుడి దగ్గర పైసా వసూలు చేయకూడదని 114వ సెక్షన్‌లో చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత స్మృతి కూడా ఆ భారం యజమాని మీదే ఉంచింది. అయినా టెండరులో తక్కువ ధర వేసినవాడికి పని దక్కుతుంది. తక్కువ ధర వేసినవాడు ముందుగా కోసేది కూలీ కాళ్ల మీది ఖర్చునే. పర్మనెంటు ఉద్యోగికి బూటు కంపెనీ స్టోర్సు నుంచి వస్తుంది. అదే పిట్టులో దిగే కాంట్రాక్టు మనిషికి అది కాంట్రాక్టరు దయ. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ ప్రకటన వచ్చినప్పటి నుంచి కూర్మన్నపాలెం గేటు దగ్గర దీక్షలు సాగాయి. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై వివాదం సమ్మె దాకా వెళ్లింది. ఉద్యోగమే ఉంటుందో ఊడుతుందో తెలియని మనిషి బూటు తడిసిందని ఎవరిని అడుగుతాడు?

టెండరు కాగితంలో రక్షణ పరికరాల ఖర్చును ధరల పోటీ నుంచి విడదీసి, స్థిరమైన మొత్తంగా రాయవచ్చు. కాంట్రాక్టరు ఎవరైనా, ఎంత తక్కువకు పాడినా ఆ మొత్తం తగ్గకూడదు. సరుకు మాత్రం ప్రధాన యజమాని స్టోర్సు నుంచే, కార్మికుడి పాదం కొలతతో, సంతకం తీసుకుని ఇవ్వాలి. తొడుగు చిరిగితే పాతది చూపించి కొత్తది తీసుకునేలా ఉండాలి. స్టీల్ ప్లాంటు, రేవు, మహానగర పాలక సంస్థ మూడూ ఇలా కొనడం మొదలుపెడితే ఆటోనగర్‌లో ఒక చిన్న యూనిటు నిలబడడానికి అవసరమైన గిరాకీ గాజువాకలోనే పుడుతుంది. మొదటి విడత తొడుగులను మూడు చోట్ల పెట్టి చూడాలి. మిల్లు స్కేల్ పిట్టు, బొగ్గు యార్డు, మహానగర సంస్థ మురుగు విభాగం. పరీక్ష అక్టోబరులో మొదలుపెట్టి మే దాకా నడపాలి, వాన ఒక్కటే చూసి ఆపేస్తే ఉక్కపోత సంగతి తేలదు. ఎన్ని చిరిగాయో, ఎంతమంది జారారో, ఎంతమంది ఇంట్లో పెట్టి వచ్చారో మూడూ రాసుకోవాలి.